ఆఫ్‌రోడ్ బండికి సొంత రూఫ్ ర్యాక్: ఏ ఆకారం, ఏ లోహం, ఎక్కడ బిగింపు

రూఫ్ ర్యాక్, అంటే బండి కప్పు మీద సామాను మోసే చట్రం, సొంతంగా చేయించుకోవాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: స్టీలా, అల్యూమినియమా? వరసలో అది నాలుగో ప్రశ్న. అంతకంటే ముందు తేలాల్సినవి మూడున్నాయి. బండి కప్పు ఎంత మోయగలదు, ర్యాక్ కాళ్లు కప్పును ఎక్కడ పట్టుకుంటాయి, పైన ఏం పెడతారు. ఈ మూడూ తేలితే లోహం సంగతి దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఇవేవీ తేల్చుకోకుండా వెల్డింగ్ షాపుకు వెళ్తే, అక్కడ ఏ పైపు మిగిలి ఉంటే దానితో ర్యాక్ తయారవుతుంది. నా మొదటి ర్యాక్ అలాంటిదే. చూడటానికి కోటలా ఉండేది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఇద్దరు పట్టి ఎత్తాలి. పైగా వెనక డోరు పూర్తిగా తెరిస్తే ర్యాక్ అంచుకు తగిలేది. బిగించాక గానీ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

## ముందు కప్పు సంగతి

బండి మాన్యువల్‌లో కప్పు మీద పెట్టదగ్గ బరువు రాసి ఉంటుంది. అది బండి కదులుతున్నప్పటి పరిమితి. ఆగి ఉన్నప్పటి పరిమితి దానికంటే చాలా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు కుదుపులు, మలుపులు, బ్రేకులు ఉండవు. ఉదాహరణకు 2020 తర్వాతి ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కు కంపెనీ చెప్పిన లెక్క నడుస్తున్నప్పుడు 168 కిలోలు, ఆగి ఉన్నప్పుడు 300 కిలోలు. పైన టెంట్‌లో ఇద్దరు పడుకోవడం రెండో లెక్కలోకి వస్తుంది. ఆ టెంట్‌ను మడిచి మోసుకెళ్లడం మొదటి లెక్కలోకి వస్తుంది. ఈ రెండింటినీ కలిపేసుకుని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు, రెండో అంకె చూసుకుని ధైర్యంగా సామాను ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ప్రమాదం రెండో రకానికే.

ఈ పరిమితిలో ర్యాక్ సొంత బరువు కూడా కలుస్తుంది. చాలామంది జారిపోయేది ఇక్కడే. 2018లో వచ్చిన సుజుకి జిమ్నీకి చాలా దేశాల్లో కప్పు పరిమితి 30 కిలోలే. దాని మీద 25 కిలోల స్టీలు బుట్ట బిగిస్తే సామానుకు మిగిలేది 5 కిలోలు. అంటే ర్యాక్‌ను మోయడానికే ర్యాక్ పెట్టుకున్నట్టు.

గతుకుల దారిలో ఈ అంకెను ఇంకా తగ్గించుకోవాలి. ర్యాక్ తయారీదార్లలో కొందరు మామూలు రోడ్డు పరిమితిని 1.5తో భాగించి, వచ్చినదాన్ని ఆఫ్‌రోడ్ పరిమితి అంటారు. సొంతంగా డిజైన్ చేసేవాళ్లు కూడా అదే పద్ధతి పట్టుకుంటే మంచిది. 100 కిలోల పరిమితి ఉన్న కప్పు రాళ్ల దారిలో 66 కిలోల కప్పు అవుతుంది.

ఎత్తున పెట్టిన బరువు బండి నిలకడను ఎంత మారుస్తుందో ఓ చిన్న లెక్కతో చూద్దాం. 1,900 కిలోల బండి, గురుత్వ కేంద్రం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున, రెండు చక్రాల మధ్య వెడల్పు 1.5 మీటర్లు అనుకుందాం. సస్పెన్షన్ ఒరుగుదలను పక్కన పెడితే, ఈ బండి సుమారు 47 డిగ్రీల పక్కవాలు దాకా తిరగబడకుండా నిలుస్తుంది. దాని నెత్తిన, 1.95 మీటర్ల ఎత్తులో, ర్యాక్‌తో కలిపి 120 కిలోలు పెట్టండి. గురుత్వ కేంద్రం 77 సెంటీమీటర్లకు పైగా ఎక్కుతుంది, నిలిచే వాలు 44 డిగ్రీలకు దిగుతుంది. మూడు డిగ్రీలేగా అనిపిస్తుంది. కానీ నిజంగా నడుస్తున్నప్పుడు స్ప్రింగులు ఒక పక్కకు అణుగుతాయి, కింది చక్రం గుంతలో దిగుతుంది, పైచక్రం రాయి ఎక్కుతుంది. కాగితం మీది 44 నేల మీద చాలా తక్కువకు పడిపోతుంది.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని పైన పెట్టబోయేవన్నీ రాసి, ఒక్కొక్కటీ తూకం వేయండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్ అంటే 20 కిలోల పైమాట. పెట్రోలు తేలిక, 20 లీటర్లు 15 కిలోలే, డబ్బా బరువు అదనం. అయినా పెట్రోలును నెత్తిన పెట్టుకోవడం నాకు నచ్చదు, బండి బోర్లా పడిన రోజు అది ఎటు కారుతుందో ఆలోచిస్తే చాలు. స్టెప్నీ కూడా వీలైతే వెనక డోరుకే ఉండనివ్వండి. పార, ఇసుకలో చక్రం కింద వేసే బోర్డులు, టెంట్, పరుపులు, ఖాళీ పెట్టెలు, ఇలా స్థలం ఎక్కువ తిని బరువు తక్కువ తూగేవే కప్పుకు సరైన సామాను.

## కాళ్లు ఎక్కడ పట్టుకుంటాయి

దీని మీద మనకు పెద్దగా ఛాయిస్ ఉండదు. బండి ఏది ఇస్తే అది తీసుకోవాలి.

కప్పు అంచున వాన నీళ్లు పారే గాడి ఉన్న బండ్లు అదృష్టవంతమైనవి. ల్యాండ్ క్రూజర్ 70, పాత డిఫెండర్, జిమ్నీ ఈ కోవలోవి. ఆ గాడి దగ్గర కప్పు రేకు, పక్క రేకు కలిపి వెల్డ్ చేసి ఉంటాయి, కాబట్టి బరువు నేరుగా బాడీ స్తంభాల వైపు దిగుతుంది. కాళ్లను ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ఆరో ఎనిమిదో పెట్టి బరువు పంచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: క్లాంపు పెయింటును కోసేస్తే గాడిలో తుప్పు మొదలవుతుంది, మధ్యలో రబ్బరు ముక్క ఉండాలి. గాడి ఉంది కదా అని పరిమితిని మరిచిపోవద్దు, జిమ్నీకి గాడి ఉన్నా 30 కిలోలే.

కొన్ని బండ్లలో కప్పు మీది రబ్బరు పట్టీ కింద కంపెనీయే మరలున్న రంధ్రాలు దాచి ఉంచుతుంది. ఇవీ బాగానే పనిచేస్తాయి, కాకపోతే చోటు మనం మార్చలేం. ర్యాక్ పొడవు, అడ్డ పట్టీల స్థానం ఆ రంధ్రాలను బట్టే గీయాలి. బోల్టు చుట్టూ సీలెంట్ సరిగ్గా పడకపోతే మొదటి వానకే లోపలి లైనింగ్ తడుస్తుంది.

పైకి లేచి కనిపించే పట్టాలు చాలా ఎస్‌యూవీలకు ఉంటాయి. వాటికి బిగించడం తేలిక, విప్పడమూ తేలికే. కానీ ర్యాక్ మరింత ఎత్తుకు పోతుంది, పైగా కొన్ని పట్టాలు అలంకారానికే ఉంటాయి. మాన్యువల్‌లో వాటికి బరువు రాసి లేకపోతే వాటిని వదిలేయండి.

ఇవేవీ లేకపోతే? కప్పు రేకుకే రంధ్రం వేసి రివెట్ నట్టు (రేకు రంధ్రంలో నొక్కి బిగించే నట్టు) కొడతామనే వాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. ఆ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, కుదుపులకు రంధ్రం చుట్టూ చీలుతుంది. కప్పు అంచుల వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (గుద్దుకున్నప్పుడు కిటికీల మీదికి తెరలా విచ్చుకునేవి) ఉన్న బండిలో డ్రిల్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు. జీప్ రాంగ్లర్ లాంటి, కప్పు విప్పే బండ్లకు వేరే దారి ఉంది: కప్పును తాకకుండా బాడీ మీద నుంచి పైకి లేచే బయటి ఫ్రేము. అది బరువే, కానీ ఆ బండికి అదే సరైనది.

## నాలుగు ఆకారాలు

| ఆకారం | సొంత బరువు | గాలి, చప్పుడు | దేనికి బాగు | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|---|
| రెండు మూడు అడ్డ పట్టీలు | అన్నిటికంటే తక్కువ | తక్కువ | టెంట్, పడవ, నిచ్చెన, సైకిల్ | చిన్న సామాను నిలవదు |
| చదును ప్లాట్‌ఫామ్ | మధ్యస్థం | మధ్యస్థం | పెట్టెలు, టెంట్, బోర్డులు, అన్నీ కలిపి | పని ఎక్కువ, కొలతల్లో తప్పు చెల్లదు |
| కంచె ఉన్న బుట్ట | ఎక్కువ | ఎక్కువ | సంచులు, మూటలు | టెంట్ పట్టదు, ఎత్తు పెరుగుతుంది |
| బాడీ మీద నిలిచే బయటి ఫ్రేము | చాలా ఎక్కువ | ఎక్కువ | కప్పు విప్పే బండ్లు | బండి మొత్తం బరువు పెరుగుతుంది |

బుట్ట గురించి కొంచెం కఠినంగానే చెబుతాను. కంచె సామానును ఆపుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆపేది సామానును కట్టి బిగించే పట్టీ, అంటే రాచెట్ స్ట్రాప్. కంచె ఉందన్న భరోసాతో పట్టీ సరిగ్గా వేయకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ కంచెకు పట్టిన పైపంతా కప్పు పరిమితిలోంచి కోసుకున్న బరువే. మెత్తటి సంచులు, రోజుకోరకం సామాను పెట్టేవాళ్లకు తప్ప బుట్ట వద్దంటాను. కావాలంటే ప్లాట్‌ఫామ్‌కే ముందు భాగంలో అరచేతి ఎత్తు కంచె విడిగా బిగించుకోండి, అక్కర్లేనప్పుడు విప్పేయొచ్చు.

అడ్డ పట్టీలను మాత్రం జనం చిన్నచూపు చూస్తారు. టెంట్ ఒక్కటే మోయాలంటే ప్లాట్‌ఫామ్ అక్కర్లేదు. టెంట్‌కు దాని అడుగున సొంత పట్టాలుంటాయి, వాటిని నేరుగా అడ్డ పట్టీలకు బిగిస్తే ఓ పది పదిహేను కిలోలు మిగులుతాయి, ఎత్తు కూడా తగ్గుతుంది.

## ఇప్పుడు లోహం

స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, అల్యూమినియంది 2.7. అంటే ఒకే కొలత పైపు అల్యూమినియంలో మూడో వంతు తూగుతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, వంగకుండా నిలిచే గుణం కూడా అల్యూమినియంకు సుమారు మూడో వంతే. అందుకే స్టీలు డ్రాయింగ్‌లో లోహం పేరు మాత్రం మార్చి అల్యూమినియంతో చేయిస్తే ర్యాక్ ఊగిపోతుంది, తర్వాత అల్యూమినియం పనికిరాదని చెప్పుకుంటారు. కొలత కూడా మార్చాలి, ముఖ్యంగా పైపు నిలువు ఎత్తు. ఎత్తు కొంచెం పెరిగినా గట్టిదనం చాలా పెరుగుతుంది.

1.2 మీటర్ల అడ్డ పైపు, రెండు చివర్లా ఆనించి, సరిగ్గా మధ్యలో 50 కిలోలు పెట్టామనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

| పైపు (వెడల్పు × ఎత్తు × మందం, మి.మీ.) | మీటరు బరువు | మధ్యలో వంపు | లోహంపై ఒత్తిడి |
|---|---|---|---|
| స్టీలు 25 × 25 × 2 | 1.44 కిలోలు | 5.4 మి.మీ. | 112 మెగాపాస్కల్స్ |
| అల్యూమినియం 25 × 25 × 2 | 0.50 కిలో | 15.4 మి.మీ. | 112 మెగాపాస్కల్స్ |
| అల్యూమినియం 25 × 40 × 3 | 0.96 కిలో | 3.5 మి.మీ. | 41 మెగాపాస్కల్స్ |

మూడో వరస చూడండి. స్టీలు కంటే మూడో వంతు తేలిక, అయినా వంపు తక్కువ. బదులుగా ర్యాక్ 15 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగింది, అంతే.

ఇంకో సంగతి కూడా ఈ పట్టికలో ఉంది. బండి గుంతలో పడి లేచినప్పుడు 50 కిలోలు కాసేపు 150 కిలోలుగా మీద పడుతుందనుకుని డిజైన్ చేయాలి. అప్పుడు మొదటి పైపులో ఒత్తిడి 336 మెగాపాస్కల్స్‌కు చేరుతుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. కాబట్టి సన్న స్టీలు పైపు పెట్టి దాని మధ్యలో బరువంతా ఒకచోట వేస్తే స్టీలైనా నిలవదు. బరువును పైపు పొడవునా పరిస్తే ఒత్తిడి సగానికి తగ్గుతుంది. రెండు మూడు పైపుల మీద పంచితే ఇంకా తగ్గుతుంది.

ర్యాక్‌లకు ఎక్కువగా వాడే 6061-టీ6 రకం అల్యూమినియం 240 దాకా తట్టుకుంటుంది, మూడో పైపులో మూడింతల బరువుకు వచ్చేది 123. బోలెడు మిగులు ఉన్నట్టే. కానీ ఆ పైపు మధ్యలో బ్రాకెట్ ఒకటి వెల్డ్ చేశారనుకోండి, ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం సుమారు సగానికి పడిపోతుంది. మిగులంతా పోయినట్టే. అల్యూమినియంకు మరో బలహీనత కూడా ఉంది: స్టీలు ఒక హద్దు లోపలి కుదుపులను ఎన్నయినా భరిస్తుంది, అల్యూమినియంకు అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న కుదుపులే లక్షల సార్లు పడితే ఎక్కడో ఒక పగులు మొదలవుతుంది, అది చాలావరకు వెల్డు పక్కనే మొదలవుతుంది.

దీన్ని బట్టి నా మాట: స్టీలు అయితే వెల్డింగ్, అల్యూమినియం అయితే బోల్టులు. పొడవునా బోల్టు జరిపే గాడి ఉన్న అల్యూమినియం ప్రొఫైళ్లతో (అచ్చులోంచి తీసిన పట్టీలతో) చేసే ప్లాట్‌ఫామ్‌లో ఒక పట్టీ పాడైతే అదొక్కటే మార్చొచ్చు, గాడిలో బోల్టు జరిపి ఏ సామానైనా ఎక్కడైనా బిగించుకోవచ్చు. స్టీలుకు ఉన్న గొప్ప సుగుణం వేరు. దారిలో విరిగితే వెల్డింగ్ తెలిసిన ఎవరైనా అతికిస్తారు. అల్యూమినియం అతికించడానికి టిగ్ లేదా మిగ్ (గ్యాస్ రక్షణతో వెల్డ్ చేసే) మెషీను, దానికి తగిన చెయ్యి కావాలి. నెలల తరబడి మారుమూల దారుల్లో తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు గురించి అడుగుతుంటారు. తుప్పు సమస్య తగ్గుతుంది, బరువు తగ్గదు, పని కష్టం. బోల్టులకు వాడండి, ర్యాక్ మొత్తానికి అక్కర్లేదు. ఆ బోల్టులు అల్యూమినియంను తాకేచోట నైలాన్ వాషరో, గ్రీజు లాంటి పేస్టో ఉండాలి. లేకపోతే తేమ తగిలినప్పుడల్లా అల్యూమినియం తెల్లటి పొడిలా తినుకుపోతుంది. స్టీలు పైపుకు తుప్పు లోపలి నుంచి వస్తుంది. అడుగు వైపు నీళ్లు కారే చిన్న రంధ్రాలు వదలండి, చివర్లకు మూతలు వేయండి. గాల్వనైజ్డ్ పైపు వెల్డ్ చేయాల్సి వస్తే ముందు ఆ చోట జింకు పూత గీకేయమనండి, ఆ పొగ పీల్చినవాళ్లకు జ్వరం పట్టుకుంటుంది. వెల్డింగ్ ఎప్పుడూ ర్యాక్‌ను బండి మీద నుంచి దించాకే.

## బండి మెలి తిరుగుతుంది, ర్యాక్ తిరగదు

ఆఫ్‌రోడ్‌లో ఎదురెదురు మూలల చక్రాలు పైకీ కిందికీ పోయినప్పుడు బాడీ కూడా కాస్త మెలి తిరుగుతుంది. ముందు నుంచి వెనక దాకా ఒకే ముక్కగా వెల్డ్ చేసిన గట్టి ర్యాక్ ఆ మెలిని ఒప్పుకోదు. ఆ కొట్లాటలో ఓడేది సాధారణంగా గాడి, లేదా కాలు దగ్గరి వెల్డు. బోల్టులతో చేసిన ప్లాట్‌ఫామ్ ఆ మెలికి కొంచెం సర్దుకుంటుంది. వెల్డింగ్ ర్యాక్ అయితే కాళ్ల కింద రబ్బరు వేయండి, పొడవుగా ఉంటే రెండు ముక్కలుగా చేయించండి.

ఎండ కూడా చిన్నపాటి లాగుడు తెస్తుంది. 2 మీటర్ల అల్యూమినియం పట్టీ 40 డిగ్రీల తేడాకు సుమారు 1.8 మిల్లీమీటర్లు సాగుతుంది, స్టీలు కప్పు అందులో సగమే సాగుతుంది. అందుకే ఒక చివరి కాళ్లకు గుండ్రటి రంధ్రం బదులు పొడవాటి రంధ్రం పెడతారు.

## గాలి

గాలి అడ్డును దాటడానికి ఇంజను పెట్టాల్సిన శక్తి వేగం మూడో ఘాతంతో పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు వెళ్తే ఆ ఖర్చు దాదాపు రెట్టింపు. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి విప్పడానికి వీలుగా చేయించిన ర్యాకే లాభం. గుండ్రటి పైపు వెనక గాలి సుడులు తిరిగి ఈల వేస్తుంది, సన్న తాడును దాని చుట్టూ మెలికగా చుడితే చాలావరకు ఆగుతుంది. ముందు భాగంలో ఓ వాలు పలక పెట్టినా మేలే. ముందు అంచున ఎల్ఈడీ బార్ పెట్టేవాళ్లు దాన్ని కాస్త వెనక్కి జరపండి, లేకపోతే వెలుగు బానెట్ మీద పడి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది.

## మీరు ఏ రకం?

పైన టెంట్, ఇంకేమీ లేదు అంటే మూడు అల్యూమినియం అడ్డ పట్టీలు. ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు.

టెంట్‌తో పాటు పార, బోర్డులు, పెట్టె, పక్కన నీడకు గుడ్డ పందిరి కూడా కావాలంటే బోల్టులతో చేసిన అల్యూమినియం ప్లాట్‌ఫామ్. ఎక్కువమందికి చివరికి సరిపోయేది ఇదే. ఒకే లోపం, కప్పు వంపును అట్టముక్కతో అచ్చు తీసుకుని కాళ్లు చేయించాలి, అక్కడ తొందరపడితే ర్యాక్ కిర్రుకిర్రుమంటూనే ఉంటుంది.

పెద్ద కప్పు పరిమితి, గాడి ఉన్న బండి, నెలల తరబడి ప్రయాణం అంటే స్టీలు ప్లాట్‌ఫామ్ ఆలోచించదగ్గదే. కంచె లేకుండా, ఎత్తు తక్కువగా.

చిన్న బండి, 30-40 కిలోల పరిమితి ఉంటే రెండు అడ్డ పట్టీలతో ఆగండి. ఇంకా చోటు కావాలనిపిస్తే వెనక సీటు తీసేసి లోపల షెల్ఫ్ చేయించుకోవడం మేలు.

పడవ, నిచ్చెన లాంటి పొడుగాటి సామానుకు అడ్డ పట్టీల మధ్య దూరమే ముఖ్యం. వాటిని కప్పు అనుమతించినంత ఎడంగా పెట్టి, ముందూ వెనకా బంపర్లకు కూడా తాడు కట్టాలి.

## కోసే ముందు, బిగించాక

వెనక డోరు పూర్తిగా తెరిచి దాని పై అంచు ఎక్కడిదాకా వస్తుందో గీత పెట్టుకోండి. సన్‌రూఫ్ ఉంటే అది పైకి లేచే ఎత్తు కొలవండి, యాంటెన్నా రెక్కను మరిచిపోవద్దు. గ్యారేజీ ద్వారం ఎత్తు కొలిచి, ర్యాక్ మీద టెంట్ మడిచి ఉన్నప్పటి ఎత్తుతో పోల్చండి. కార్డ్‌బోర్డుతో నిజం సైజు నమూనా చేసి ఒక రోజు కప్పు మీద కట్టి ఉంచితే, డ్రాయింగ్‌లో కనిపించని నాలుగు తప్పులు కనిపిస్తాయి.

బిగించిన తర్వాత ప్రతి నట్టు మీద, దాని పక్కన బ్రాకెట్ మీద కలిసేలా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, మొదటి గతుకుల దారి తర్వాత ఇంకోసారి చూడండి. గీత విరిగి కనిపిస్తే ఆ నట్టు వదులైనట్టు. నైలాక్ నట్టు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్నది) అయినా సరే, స్పానరు తీసుకుని బిగించాకే బయల్దేరాలి.